అన్నం తిన్నాక చెప్పే కబురు

తీగ లేకుండా నెట్ వస్తుందని విన్నాను గానీ, సింగపూర్ ఎయిర్‌పోర్టులో ఆ రోజు పొద్దున కళ్ళారా చూసేదాకా నమ్మలేదు. మా బెజవాడలో అప్పటికి నెట్ అంటే నెట్ సెంటరే. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గూళ్ళు, గూటికో కంప్యూటరు, తిరిగీ తిరగని ఫ్యాను, గంట కాగానే చెక్క మీద టకటకా కొట్టే ఓనరు. ఇక్కడేమో అడుగు వేస్తే చప్పుడు కాని తివాచీ, చలివేంద్రంలో మంచినీళ్ళలా అడిగినవాళ్ళందరికీ నెట్. కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, చిన్న కాగితమ్ముక్క మీద పాస్‌వర్డ్ ఇచ్చింది. ఎంతివ్వాలని అడిగాను. ఏమీ అక్కర్లేదంది. నమ్మలేక మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయి నవ్వింది. ఊరికే వచ్చేదాన్ని ఒకటికి రెండుసార్లు చూసి తీసుకోవాలని మా అత్త పెంపకం.

ఆ అత్త కోసమే నేను ఇంటికి పరుగెత్తుతున్నాను.

నేను కైకలూరు దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. చెరువుల నుంచి వచ్చిన సరుకులో మందుల జాడ ఉందేమో పరీక్ష చేసి, ఉంటే ఆపించడం నా పని. అందుకని చెరువుల వాళ్ళకీ నేనంటే పడేది కాదు, కంపెనీ వాళ్ళకీ పడేది కాదు. సరుకు కొనే జపాన్ వాళ్ళు కొత్త పరీక్షలు నేర్పిస్తాం ఎవరినైనా పంపమంటే, కొన్నాళ్ళు పీడా వదులుతుందనుకున్నారో ఏమో, నన్ను పంపారు. శిక్షణ ఇంకా పూర్తి కాకముందే తమ్ముడి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అత్తకి గుండెనొప్పి వచ్చిందనీ, హాస్పిటల్లో చేర్చామనీ, నీ పేరే కలవరిస్తోందనీ, వచ్చెయ్యమనీ రాశాడు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు వాడు. ఆ అక్షరాలు కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. మర్నాడే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి అత్త కళ్ళు తెరిచి ఉండాలి, నన్ను గుర్తుపట్టాలి. ఆ దేవుణ్ణి నేను అడిగింది అంతే.

అత్త అంటే మా నాన్నకి అక్క. అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు పోతే, ఉయ్యూరు నుంచి మా ఇద్దర్నీ బెజవాడ ఆటోనగర్‌కి తెచ్చుకుంది. ఆమెకి పిల్లల్లేరు, మొగుడు లేడు, ఉన్నదల్లా ఒక టిఫిన్ షాపు. ఒకపక్క లారీలకి బాడీలు కట్టే షెడ్డు, ఇంకోపక్క రేడియేటర్లు బాగుచేసే షెడ్డు, మధ్యలో మా రేకుల షాపు. పొద్దుట్నుంచీ సుత్తుల మోత. మాటలు వినపడక అందరూ అరుచుకుంటూ మాట్లాడేవాళ్ళు. బంధువుల ఇళ్ళకి వెళితే, మీరెందుకర్రా అంత గట్టిగా అరుస్తారు అని నన్నూ తమ్ముణ్ణీ వెక్కిరించేవాళ్ళు.

కొత్త లారీ మా ఆటోనగర్‌కి బోడిగా వస్తుంది. ఇంజనూ చక్రాలూ తప్ప పైన ఏమీ ఉండదు. డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ వానకీ అలాగే తోలుకొస్తాడు. దానికి క్యాబిన్ కట్టి, బాడీ కట్టి, రంగులు వేసేదాకా ఇక్కడే పడి ఉంటాడు. అలాంటి వాళ్ళంతా అత్త దగ్గరే తినేవాళ్ళు. పొద్దున ఇడ్లీ, అల్లప్పచ్చడి. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. పెరుగు కావాలంటే విడిగా అడగాలి. అడిగినా అత్త ఒకసారి మొహం చూసి గానీ వేసేది కాదు. ఈ మనిషి చేతిలో పెరుగు పడటం కన్నా లైసెన్సు రావడం తేలిక అని డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు.

షాపులో రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఎర్రఫోను ఉండేది. సెల్లులు రాని రోజులవి. డ్రైవర్లంతా వాళ్ళ ఇళ్ళల్లో ఆ నంబరే ఇచ్చేవాళ్ళు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. అత్త ఎత్తింది. ఆఁ, ఆఁ అంది, పెట్టేసింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్ర డ్రైవరు ఒకడు అప్పుడే చెయ్యి కడుక్కుని విస్తరాకు ముందు కూర్చున్నాడు. అత్త వాడికి అన్నం పెట్టింది. పప్పు వేసింది. కూర మారు వేసింది. తర్వాత గిన్నె తెచ్చి, అడక్కుండానే గరిటెడు పెరుగు వేసింది.

"నేనడగలేదు కదా పిన్నీ," అన్నాడు వాడు.

"తిను బాబూ. ఎండగా ఉంది," అంది అత్త.

వాడు తిని, చెయ్యి కడుక్కున్నాక, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "మీ అమ్మకి ఒంట్లో బాలేదంట. పోయి చూసిరా. మా మేస్త్రి కూడా నీతో వస్తాడు, ఒక్కడివే పోమాక." బాడీ షెడ్డు మేస్త్రిని అప్పటికే కేకేసి ఉంచింది. ఇద్దర్నీ స్టేషనుకి పంపింది. వాడి తల్లి ఆ పొద్దునే చనిపోయింది. ఫోన్లో వచ్చిన కబురు అదే.

అబద్ధం ఎందుకు చెప్పావని నేను అత్త మీద ఎగిరాను. అప్పట్లో నాకు నిజం పిచ్చి. ఇప్పుడూ ఉందనుకోండి.

"దారిలో ఉన్నోడికి చావు కబురు చెప్పకూడదే," అంది అత్త, విస్తరాకు తీస్తూ. "ఇల్లు చేరాలి. మనవాళ్ళు పక్కనుండాలి. తప్పక చెప్పాల్సొస్తే, ముందు అన్నం పెట్టి చెప్పాలి. వట్టి కడుపు మీద ఆ మాట దింపితే మనిషి నిలబడలేడు. చెప్పినాక వాడింక తినడు గదా, ఆ పూటా తినడు, మర్నాడూ తినడు."

"అబద్ధం అబద్ధమే," అన్నాను.

"సర్లే, గొప్పదానివి. పోయి చదువుకో," అంది.

కొన్నాళ్ళకి ఆ డ్రైవరు తిరిగొచ్చాడు. వాడి లారీ అప్పటికి రంగులతో, పూలదండతో తయారై ఉంది. వెళ్ళేముందు షాపుకొచ్చి అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "నువ్వు పెరుగేసినప్పుడే నాకు తెలిసిపోయింది పిన్నీ," అన్నాడు. "తెలిసీ తిన్నాను." అత్త కొంగుతో మొహం తుడుచుకుని, ఇడ్లీ పాత్ర దగ్గరికి వెళ్ళిపోయింది. అత్త షాపులో తినేవాళ్ళంతా దారిలో ఉన్నవాళ్ళే. అందుకే ఆ నియమం ఆమెకి అంత గట్టిగా పట్టుకుందేమో. తర్వాత్తర్వాత ఆటోనగర్‌లో ఎవరికి చెడ్డ కబురు చెప్పాల్సొచ్చినా, ముందు మా షాపుకే తీసుకొచ్చేవాళ్ళు.

ఆమెకి ఇంకో అలవాటుంది. ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళినా వాళ్ళొచ్చేదాకా తినదు. నేను బందరులో డిగ్రీ చదివినప్పుడు రోజూ బస్సులోనే రాకపోకలు. సాయంత్రం బస్సు ఎంత ఆలస్యమైనా, షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చునుండేది. నా కంచం, తన కంచం పక్కపక్కన బోర్లించి ఉండేవి. నా కోసం చూడకత్తా, నువ్వు తినెయ్ అని పొద్దున బస్సెక్కేముందు రోజూ చెప్పేదాన్ని. తింటాలే అనేది. తినేది కాదు. నాకు ఒళ్ళు మండేది. నా ఆలస్యానికి ఈమె ఆకలితో ఉండటమేమిటని అరిచేదాన్ని. ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జపాన్ వెళ్ళాక ఆదివారాలు నెట్‌లో కలుసుకునేవాళ్ళం. తమ్ముడు అప్పటికి ఆటోనగర్‌లోనే స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తున్నాడు. అత్తని నెట్ సెంటర్‌కి తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టేవాడు. ఆమె కెమెరాలోకి చూడదు, తెరలో నా బొమ్మకేసి చూస్తుంది. అందుకని నాకు ఎప్పుడూ ఆమె కిందికి దించుకున్న కళ్ళే కనిపించేవి. "ఏందే, అంత చిక్కిపోయావ్? ఆళ్ళు అన్నం పెడతన్నారా లేదా?" అని గూళ్ళల్లో వాళ్ళందరికీ వినపడేట్టు అరిచేది. అక్కడ సుత్తుల మోత లేదు కదా అత్తా అంటే, అంత దూరం వినపడొద్దా అనేది.

ఇదంతా ఆ ఎయిర్‌పోర్టులో కూర్చుని తలుచుకున్నది కాదు. అప్పుడు నాకు ఒకటే లెక్క. మధ్యాహ్నం హైదరాబాద్ విమానం ఎక్కితే, అక్కణ్ణుంచి బస్సులో ఆ రాత్రికి బెజవాడ. విమానం రద్దయింది, మర్నాడు అదే వేళకి పంపిస్తామని బోర్డు మీద చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. కౌంటర్ దగ్గర పెద్ద వరస. చెన్నై వెళ్ళే విమానం ఒకటుంది, సీటు ఖాయంగా చెప్పలేం, కావాలంటే వేచి చూడండి అన్నారు. భోజనానికి కూపన్ ఇచ్చారు. ఫోను చేద్దామంటే నా సెల్లు ఆ దేశంలో పనిచెయ్యదు. అప్పుడు గుర్తొచ్చింది, కౌంటర్ అమ్మాయి ఇచ్చిన పాస్‌వర్డ్. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ తీసి, ప్లగ్గు ఉన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. తీగ లేకుండానే మెయిల్ తెరుచుకుంది. అంత కంగారులోనూ, అదృష్టవంతురాలిననుకున్నాను. ఇది లేకపోతే వాళ్ళు నా కోసం బస్టాండులో రాత్రంతా పడిగాపులు కాసేవాళ్ళు కదా అనుకున్నాను.

విమానం రద్దయింది, రేపు రాత్రికి గాని రాలేను, నా కోసం ఎదురుచూడకండి, అత్తకి జాగ్రత్తగా చెప్పు, కంగారుపడుతుంది అని రాశాను.

కాసేపటికే జవాబు వచ్చింది. అంత పొద్దున్నే తమ్ముడు నెట్ ముందు ఉన్నాడా అని ఆశ్చర్యపోయాను గానీ, వాడికీ నా ప్రయాణం గురించి ఆత్రంగానే ఉంటుందిలే అనుకున్నాను. అత్త బాగానే ఉంది, కంగారు పడొద్దు, నెమ్మదిగా రా, తిన్నావా అని రాశాడు. నా గుండె కుదుటపడింది. చెన్నై విమానం సంగతి వదిలేశాను. అక్కడ దిగినా వేసవి రద్దీలో రైలు దొరకాలి, పెట్టె ఎక్కడికి పోతుందో తెలియదు. అత్త బాగానే ఉన్నప్పుడు ఈ అవస్థ ఎందుకు, రేపు సుఖంగా వెళ్దాం అనుకున్నాను. ఇంకా తినలేదని రాశాను. దానికి జవాబు రాలేదు.

మధ్యాహ్నమంతా ఆ కుర్చీలోనే. కునుకు తీశాను, లేచాను, మళ్ళీ మెయిల్ చూశాను. ఏమీ లేదు. నా పక్కన ఎవరో నడివయసాయన చెవులకి తీగలు పెట్టుకుని, తెరలో ఒక చంటిబిడ్డని చూస్తూ ముద్దులు పెడుతున్నాడు. భాష తెలియకపోయినా ఆ మురిపెం తెలుస్తోంది. నాకూ అత్తని చూడాలనిపించింది. సాయంత్రం నెట్ సెంటర్‌కి రమ్మని తమ్ముడికి రాశాను. హాస్పిటల్ నుంచి అత్తని తీసుకురాలేడు, అది తెలుసు. వాడి మొహం చూసి, ఆమె ఏం తింటోంది, ఏం మాట్లాడుతోంది అని వాడి నోటితో వింటే చాలనుకున్నాను.

వచ్చాడు. తెరలో బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలి, కాసేపటికి నిలబడింది. వెనక అదే ప్లైవుడ్ చెక్క. వాడు నవ్వాడు. నవ్వు కుదరలేదు.

వాడి తల తడిగా ఉంది.

మనకప్పుడు సాయంత్రం అయిదు కావస్తూ ఉంటుంది. మావాడు పొద్దున్నే తలారా పోసుకుని, అత్త చేత బొట్టు పెట్టించుకుని షాపుకి వెళతాడు. సాయంత్రం నీళ్ళు పోసుకునే అలవాటు పుట్టి బుద్ధెరిగి వాడికి లేదు. జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. నుదుటి మీద బొట్టు లేదు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"అత్తెలా ఉందిరా?" అన్నాను.

"బానే ఉందక్కా."

"ఏం తింది?"

వాడు పక్కకి చూశాడు. అక్కడ ఎవరో ఉన్నారు. తెల్లటి పంచె అంచు ఒకటి కనపడింది.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

"లేదు. కూపన్ ఇచ్చారు. ఆకలి లేదు."

"తినక్కా. ముందు తిను. పోయి తినేసి రా, నేనిక్కడే ఉంటా." మళ్ళీ పక్కకి చూశాడు. "అక్కడ పెరుగు దొరుకుద్దా? దొరికితే పెరుగు కూడా వేసుకుని తిను."

మా ఇంట్లో పెరుగు వేసుకోమని వాడు ఎప్పుడూ ఎవరికీ చెప్పి ఎరగడు. వాడికి పెరుగంటే గిట్టదు. తెరలో వాడి తలనుంచి ఒక నీటిచుక్క జారి చొక్కా మీద పడింది. వాడు తుడుచుకోలేదు.

"సరే, తినొస్తా," అన్నాను.

లాప్‌టాప్ అలాగే తెరిచి ఉంచి, పక్కనున్నాయనకి చూస్తుండమని సైగ చేసి లేచాను. హోటలు వరసలో కూపన్ ఇస్తే పళ్ళెంలో అన్నం, ఏదో కూర పెట్టారు. పెరుగు అడిగాను. చిన్న డబ్బాలో తియ్యటి పెరుగు, స్ట్రాబెర్రీ ముక్కలు వేసింది ఇచ్చారు. అన్నంలో అదే వేసుకున్నాను. బల్ల తుడిచే ఆవిడ నాకేసి వింతగా చూసింది. చెంచా పక్కన పెట్టి, చేత్తో కలిపాను. ఏడుస్తూనే తిన్నాను, అంతమందిలో, ఎవరేమనుకుంటారో అన్న ఆలోచన లేకుండా. మెతుకు మిగలకుండా తిన్నాను. ఆ శ్రీకాకుళం కుర్రాడు కూడా ఇలాగే తినుంటాడు. తెలిసీ తిన్నానన్నాడు కదా. నేను ఆ రోజు ఆ మాట విన్నాను గానీ, అందులో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాను. వాడు కదలకుండా అక్కడే ఉన్నాడు.

"తిన్నాన్రా," అన్నాను. "పెరుగు కూడా వేసుకున్నా. ఇంక చెప్పు."

వాడు బల్ల మీదికి వంగిపోయాడు. తడి జుట్టు తప్ప ఇంకేమీ కనపడలేదు. పంచె కట్టుకున్న మనిషి వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. ముసలివాడైన మా మేస్త్రి. ఆ రోజు డ్రైవరుతో స్టేషనుకి వెళ్ళిన మేస్త్రే.

"తెల్లారుజామునే పోయిందక్కా," అన్నాడు తమ్ముడు కాసేపటికి. "నువ్వు విమానంలో ఉన్నావప్పుడు. హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చి ఐసు పెట్టి ఉంచాం. రాత్రికి అక్కొస్తది, చూసినాక పొద్దున్నే తీద్దాం అన్నారు అందరూ. నీ మెయిల్ వస్తుందేమోనని పొద్దున నేనిక్కడే కూచున్నా. అది చూసినాక పెద్దాళ్ళు ఇంక ఉంచలేమన్నారు. ఎండలు మండిపోతన్నయ్యి. నాకోసం చూడొద్దని అమ్మాయే రాసింది గదరా అన్నారు. ఇందాకే కృష్ణ ఒడ్డుకి తీసుకుపోయొచ్చాం. నేనే పెట్టా తలకొరివి."

"నాకు పొద్దునే ఎందుకు చెప్పలేదురా?" అని అరిచాను. ఆటోనగర్ గొంతుతోనే అరిచాను. చుట్టూ కూర్చున్న వాళ్ళంతా తిరిగి చూశారు.

"నువ్వు దారిలో ఉన్నావు గదక్కా," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పొద్దున ఒక్క మాట రాసుంటే, ఆ కౌంటర్లో వాళ్ళ కాళ్ళావేళ్ళా పడైనా చెన్నై విమానం ఎక్కేదాన్ని. మర్నాడు పొద్దుటికైనా చేరేదాన్ని. ఉంచమనేదాన్ని, ఉంచేవాళ్ళు. దారిలో ఉన్నవాళ్ళకి చెప్పకూడదన్న నియమం, దారంతా నెట్ లేని రోజుల్లో పెట్టుకున్నది. కానీ తమ్ముణ్ణి ఏమనను? తల్లిలాంటి మనిషిని కాల్చి వచ్చి, ఒంటి మీద నీళ్ళు ఆరకముందే, అక్క పస్తు ఉందేమోనని వచ్చి కూర్చున్నాడు. ఆమె నేర్పింది వాడు తుచ తప్పకుండా చేశాడు. ఆ మాటే చెప్పాను వాడికి. మంచిపని చేశావురా అన్నాను. వాడు తల ఊపాడు. బొమ్మ మళ్ళీ ముక్కలైంది.

మర్నాడు రాత్రి ఇల్లు చేరాను. షాపు మూసి ఉంది. స్టూలు లోపల పెట్టేసినట్టున్నారు, బయట లేదు. పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం ముందు పెట్టి, తిను తల్లీ అన్నారు. కంచాల బుట్టలో అత్త కంచం పైనే ఉంది.

నా కోసం చూడకత్తా అని బందరు బస్సెక్కిన రోజుల నుంచీ చెబుతూనే ఉన్నాను. బతికున్నన్నాళ్ళూ ఆమె ఒక్కనాడూ నా మాట వినలేదు. ఆ ఒక్కరోజే విన్నది.